మర పోయిన స్టడ్డు – షెడ్డులో చేయి, కళాశాలలో కొలత

మోటారు సైకిలు ఇంజనులో మర పోయిన స్టడ్డును గూర్చి తెలుగు శాఖవారు వ్యాసం వ్రాయటమేమిటని ఈ సంచిక చదివే పెద్దలు కొందరు ఆశ్చర్యపడవచ్చును. మా శాఖ నుండి కవిత్వ ప్రయోజనాన్ని గూర్చియో, మాతృభాషలో బోధనను గూర్చియో ఒక వ్యాసం రావటం పరిపాటి. ఆ విషయాల గౌరవాన్ని తగ్గించటం నా ఉద్దేశం కాదు. అయితే మన తరగతి గదులలో కూర్చున్న విద్యార్థులలో పలువురి ఇండ్లు మెకానిక్ షెడ్డుల మీద, లేతు మిషన్ల మీద, వెల్డింగు దుకాణాల మీద ఆధారపడి గడుస్తున్నవి. ఆ పనిని గూర్చి మన సంచికలో నాలుగు పుటలైనా ఉండటం సబబని నేను భావిస్తున్నాను.

ఈ వ్యాసంలో నేను నివేదించదలచినది ఒక్కటే విషయం. పాడైన మరను సక్రమంగా బాగుచేయటానికి చేయి కావాలి, కొలత కూడా కావాలి. మన పట్టణాలలో చేయి షెడ్డులో ఉన్నది, కొలత కళాశాలలో ఉన్నది. ఈ రెండూ ఒకదానినొకటి ఎరుగవు. వాటిని ఒకే బల్ల వద్దకు తీసుకురావటం మన కళాశాల కమిటీ చేయగలిగిన పని, చేయవలసిన పని. ఈ మాట నిలబడాలంటే ముందుగా ఆ పని ఏమిటో వివరంగా చెప్పవలసియున్నది.

స్టడ్డు అంటే తల లేని బోల్టు. దానికి రెండు కొసలా మరలుంటవి. ఒక కొస ఇంజను పోతలోనికి దిగి అక్కడే స్థిరంగా ఉండిపోతుంది. రెండవ కొస బయటికి వచ్చి నట్టును పట్టుకుంటుంది. పాత ఇంజనులలో క్రాంకు కేసు, సిలిండరు హెడ్డు అల్యూమినియంతో పోతపోసినవి. అల్యూమినియం తేలిక, వేడిని త్వరగా వదిలిపెడుతుంది, కానీ మెత్తన. మాటిమాటికి బోల్టు ఊడదీసి బిగిస్తే అందులోని మర అరిగిపోతుంది. అందుచేతనే నిర్మాతలు అక్కడ బోల్టుకు బదులు స్టడ్డును అమర్చారు. ఇంజను విప్పినప్పుడల్లా తిరిగేది నట్టు మాత్రమే. ఉక్కు మీద ఉక్కు రాపిడి పడుతుంది, అల్యూమినియం మర కదలకుండా ఉంటుంది. బలహీనమైనదానికి పని తగ్గించి, బలమైనదాని మీద భారం వేసే ఏర్పాటు ఇది.

మన ప్రాంతంలో పాత మోటారు సైకిలు అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది బుల్లెట్. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన ఆ బండి కొరకు 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడినది. మొదట అక్కడి నుండి వచ్చిన భాగాలను ఇక్కడ కూర్చారు, తరువాత భాగాలన్నీ తిరువొత్తియూరు కర్మాగారంలోనే తయారయ్యే స్థితి వచ్చినది. మైసూరులో ఐడియల్ జావా సంస్థ చెకోస్లోవేకియా నమూనాలో జావా బండ్లను, తరువాత యెజ్దీ బండ్లను 1996 వరకు తయారుచేసినది. ఈ బండ్లు నేటికీ మన వీధులలో తిరుగుతున్నవి. తండ్రి నడిపిన బండిని కొడుకు నడుపుతున్నాడు, కొన్ని ఇండ్లలో మనుమడు నడుపుతున్నాడు. ఇన్ని ఏండ్లలో ఆ ఇంజనును ఎన్నిమార్లు విప్పి ఉంటారో లెక్క లేదు. కనుక ఆ బండ్లలో మర పోయిన స్టడ్డు అరుదైన జబ్బు కాదు.

మర ఎందుకు పోతుంది? కారణాలు స్థూలంగా నాలుగు.

మొదటిది అతిగా బిగించటం. నట్టు ఇంకా గట్టిగా ఉండాలని పానాకు పైపు తొడిగి త్రిప్పటం మనం నిత్యం చూసే దృశ్యమే. 20 సెంటీమీటర్ల పానాకు 60 సెంటీమీటర్ల పైపు తొడిగితే, అదే చేతి బలానికి త్రిప్పుడు మూడు రెట్లవుతుంది. స్టడ్డు ఉక్కుది కనుక ఓర్చుకుంటుంది. దానిని పట్టుకొన్న అల్యూమినియం ఓర్చుకోలేదు. పైగా మరలోని చుట్లన్నీ భారాన్ని సమంగా మోయవు. ముఖానికి దగ్గరగా ఉన్న మొదటి చుట్టు ఒక్కటే సుమారు మూడింట ఒక వంతు భారం మోస్తుంది. అది తెగితే దాని భారం రెండవ చుట్టు మీద పడుతుంది, అది తెగితే మూడవదాని మీద. స్టడ్డు చివరికి ఒక్కసారిగా బయటికి వచ్చినట్లు కనిపించినా, లోపల నష్టం చాలా ముందుగానే ఆరంభమై ఉంటుంది.

రెండవది వేడి. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఉక్కు కంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా బిగించిన స్టడ్డు మీద, ఇంజను వేడెక్కిన కొలదీ లాగుడు పెరుగుతుంది. చల్లని ఇంజనులోనే హద్దు మీరి బిగించినవాడు ఈ పెరుగుదలకు చోటు మిగల్చలేదన్నమాట.

మూడవది తుప్పు. ఉక్కు, అల్యూమినియం ఒకదానినొకటి తాకుతూ తడిలో ఉంటే విద్యుద్రసాయన చర్య జరిగి అల్యూమినియం తినివేయబడుతుంది. వానలో తడిసిన బండిలో మర చుట్టూ తెల్లని పొడి కనిపించటానికి కారణమిదే. అట్టి స్టడ్డును వేడి చేయకుండా, తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వకుండా బలవంతంగా త్రిప్పితే, అది తనతోపాటు మరను కూడా ఊడబెరుక్కొని వస్తుంది.

నాలుగవది తప్పు మర. షెడ్డుకూ కళాశాలకూ నడుమ ఉన్న దూరం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇక్కడనే. కావున దీనిని కొంచెం వివరించెదను.

ఇంగ్లండులో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు మరలకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. ఆ సంప్రదాయానికి చెందిన మరలు అంగుళాల లెక్కలో ఉంటవి, వాటి పంటి కోణం 55 డిగ్రీలు. మిల్లీమీటరు మరల కోణం 60 డిగ్రీలు. బ్రిటిషు నమూనా పాత ఇంజనులలో అంగుళపు మరలు కనిపిస్తవి, జావా వంటి ఐరోపా నమూనాలలో మిల్లీమీటరు మరలు ఉంటవి. ఇప్పుడు ఒక ఉదాహరణ చూడండి. అంగుళంలో 16వ వంతులు 5 తీసుకుంటే 7.94 మిల్లీమీటర్లు. నేడు ప్రతి దుకాణంలోనూ దొరికే బోల్టు 8 మిల్లీమీటర్లది. రెంటికీ తేడా ఒక మిల్లీమీటరులో 16వ వంతు మాత్రమే. కంటికి కనిపించదు, వేలికి తెలియదు. కానీ ఆ పాత సన్న మరలో అంగుళానికి 22 చుట్లు, అనగా చుట్టుకు 1.15 మిల్లీమీటరు. కొత్త బోల్టుకు చుట్టుకు 1.25 మిల్లీమీటరు. పాత రంధ్రంలో కొత్త బోల్టు మొదటి రెండు మూడు చుట్లు చక్కగా దిగుతుంది. ఐదు చుట్లు తిరిగేసరికి బోల్టు మరకూ రంధ్రపు మరకూ దాదాపు అర మిల్లీమీటరు ఎడం వస్తుంది. లోయలో కూర్చోవలసిన పన్ను శిఖరం మీదికి ఎక్కుతుంది. అక్కడ బిగుసుకున్నదని పానా వేసి త్రిప్పితే, ఉక్కు బోల్టు అల్యూమినియం మరను కోసుకుంటూ పోతుంది.

ఈ లెక్క ఎవరికి రావాలి? ఇంటర్మీడియేట్ చదివే ప్రతి సైన్సు విద్యార్థికీ వచ్చు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో స్క్రూగేజితో సన్నని తీగ మందం కొలిచేటప్పుడు అతడు మొదట కనుగొనేది పిచ్చే, అనగా మర ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకు జరుగుతుందనే కొలతే. ఆ పరికరంతో మిల్లీమీటరులో నూరవ వంతు వరకు కొలిచి, పట్టిక గీసి, రికార్డులో వ్రాసి, మార్కులు తెచ్చుకుంటాడు. అదే విద్యార్థి సాయంకాలం తన బాబాయి షెడ్డుకు వెళ్ళి, ఆ రంధ్రంలోకి ఈ బోల్టు దిగటం లేదని బాబాయి విసుక్కుంటుండగా ప్రక్కన నిలబడి చూస్తాడు. తాను ఉదయం కొలిచినదీ బాబాయి సాయంకాలం ఎదుర్కొంటున్నదీ ఒక్కటేనని అతనికి ఎవ్వరూ చెప్పలేదు. ఇది ఆ పిల్లవాని లోపం కాదు, మనం నేర్పే పద్ధతిలోని లోపం.

మర పోయిన తరువాత షెడ్డులో ఏమి జరుగుతుందో ఇప్పుడు చూద్దాం. తొందరపాటు వైద్యాలు చాలా ఉన్నవి. స్టడ్డు చుట్టూ కుళాయి పనివారు వాడే తెల్లటేపు చుట్టి దిగవేయటం ఒకటి. రంధ్రంలో రాగితీగ పోగు గాని, హాక్సా బ్లేడు ముక్క గాని ఇరికించి స్టడ్డును కొట్టటం రెండవది. రంధ్రం అంచు చుట్టూ సుత్తితో, పంచితో కొట్టి లోహాన్ని లోపలికి నొక్కటం మూడవది. రెండు ముద్దలు కలిపే జిగురు నింపటం నాలుగవది. వీటన్నింటిలోనూ స్టడ్డు ఆ పూటకు నిలబడుతుంది, బండి స్టార్టు అవుతుంది, యజమాని సంతోషంగా డబ్బిచ్చి వెళ్ళిపోతాడు. ఇంజను వేడెక్కగానే జిగురు మెత్తబడుతుంది, టేపు జారుతుంది, బ్లేడు ముక్క చుట్టూ ఉన్న మంచి లోహాన్ని కూడా చీలుస్తుంది. గాస్కెట్టు వద్ద నూనె కారుతుంది, పొగ వస్తుంది. రెండవసారి వచ్చేనాటికి రంధ్రం గుండ్రంగా కూడా మిగలదు.

సక్రమమైన మార్గం ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైనది. పోయిన లోహాన్ని దాచిపెట్టటం కాక, మిగిలిన చెడు లోహాన్ని కూడా తీసివేసి, గట్టి లోహం వరకు వెళ్ళి అక్కడి నుండి కట్టుకురావటం ఆ మార్గం. స్థితినిబట్టి అందులో నాలుగు అంచెలున్నవి.

రంధ్రం అడుగున ఇంకా చెడని మర మిగిలి ఉంటే, అడుగు వరకు ట్యాపు వేసి కొంచెం పొడవైన స్టడ్డు అమర్చటం మొదటి అంచె. అల్యూమినియంలో స్టడ్డు తన మందానికి ఒకటిన్నర నుండి రెండు రెట్ల లోతు దిగితేనే పట్టు సరిపోతుంది. 8 మిల్లీమీటర్ల స్టడ్డుకు 12 నుండి 16 మిల్లీమీటర్లన్నమాట. అంత మంచి మర లేకపోతే రెండవ అంచె. రంధ్రాన్ని పెద్దది చేసి, లోపలి కొస లావుగా, బయటి కొస పాత కొలతలోనే ఉండే మెట్టు స్టడ్డును లేతు మీద చేయించటం. దీనికి మంచి ఉక్కు, మంచి లేతు పనివాడు కావాలి.

మూడవది తీగచుట్ట మర. హెలికాయిల్ అనే వ్యాపారనామంతో లోకానికి తెలిసినది ఇదే. తుప్పు పట్టని ఉక్కుతీగను, దాని కోత వజ్రాకారంలో ఉండేటట్లు తీసి, స్ప్రింగు వలె చుట్టుతారు. ఆ చుట్టకు బయటి వైపు ఒక మర, లోపలి వైపు అసలు కొలత మర ఏర్పడతవి. 8 మిల్లీమీటర్ల స్టడ్డుకైతే రంధ్రాన్ని సుమారు 8.3 మిల్లీమీటర్లకు బరమాతో పెంచి, ఆ చుట్ట కొరకే చేసిన ప్రత్యేకమైన ట్యాపుతో కొత్త మర కోస్తారు. చుట్ట సహజంగా రంధ్రం కంటే కొంచెం పెద్దది. దాని కొసనున్న చిన్న తోకను సాధనంతో పట్టి త్రిప్పితే అది బిగుసుకుంటూ లోపలికి దిగుతుంది, వదిలిపెట్టగానే విచ్చుకొని గోడలను పట్టుకుంటుంది. ముఖానికి పావు చుట్టు నుండి అర చుట్టు లోపలే దానిని ఆపాలి. తరువాత తోకను విరిచి, ఆ ముక్కను జాగ్రత్తగా బయటికి తీయాలి. అది క్రాంకు కేసులో పడితే వైద్యమే వ్యాధి అవుతుంది. ఇట్లా బాగుచేసిన మరలో ఉక్కు స్టడ్డుకు ఉక్కు చుట్టే ఆనుతుంది. అల్యూమినియం మీది భారం ఇంకా పెద్ద చుట్టుకొలతలో పంచుకోబడుతుంది. కనుక ఆ మర కొత్తలో ఉన్నదానికంటే గట్టిదవుతుంది.

రంధ్రం ఇప్పటికే రెండు మూడు తొందరపాటు వైద్యాలకు గురై బాగా చెడిపోతే నాలుగవ అంచె. లోపల, బయట మర కోసిన గట్టి లోహపు బుష్షును లేతు మీద చేయించి, గాలి తగలని చోట గట్టిపడే మరల జిగురు పూసి దిగవేయాలి. ఆర్గాన్ వెల్డింగుతో రంధ్రాన్ని పూడ్చి మళ్ళీ తొలచటం కూడా ఉన్నది గాని, దశాబ్దాలుగా నూనె పీల్చుకొన్న పోతలో వెల్డింగు బుడగలు పట్టే ప్రమాదం, ఆ వేడికి బేరింగుల చోటు వంకరపోయే ప్రమాదం ఉన్నవి. చుట్టూ లోహమే పగిలిపోయినచోట తప్ప దాని జోలికి వెళ్ళకపోవటం మేలు.

ఏ మార్గమైనా కొన్ని నియమాలు తప్పవు. బరమా ముఖానికి నిట్టనిలువుగా దిగాలి. ఒక్క డిగ్రీ వాలితే 100 మిల్లీమీటర్ల స్టడ్డు కొస దాదాపు 1.75 మిల్లీమీటరు ప్రక్కకు పోతుంది, అప్పుడు హెడ్డు దానిలో దిగదు. అందుచేత చేతి బరమాను నమ్ముకోకుండా స్టాండు గాని, తూటు వేసిన గట్టి దిమ్మను గాని వాడాలి. క్రాంకు కేసు నోటికి గుడ్డ క్రుక్కి రజను లోపల పడకుండా చూడాలి. అల్యూమినియంలో ట్యాపుకు కిరసనాయిలు పోయాలి. అర చుట్టు ముందుకు త్రిప్పి, పావు చుట్టు వెనుకకు త్రిప్పి రజనును తెంపుతూ పోవాలి. అడుగు మూసిన రంధ్రంలో నూనె నిలువ ఉంటే, స్టడ్డు దిగేటప్పుడు ఆ నూనెకు పోవటానికి దారి లేక పోతనే పగులగొడుతుంది. కనుక పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి, ఆరబెట్టాలి. చివరకు నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా, మాన్యువలు చెప్పిన కొలతకు టార్కు పానాతో బిగించాలి.

ఇంత శ్రమ ఎందుకు, కొత్త క్రాంకు కేసు వేస్తే పోదా అని అడిగేవారున్నారు. ఇంజను నంబరు చెక్కబడి ఉండేది ఆ క్రాంకు కేసు మీదనే. కేసు మారితే నంబరు మారుతుంది, రిజిస్ట్రేషను పత్రంతో పేచీ వస్తుంది, రవాణా కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. అంతేకాదు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు, మార్పులు లేకుండా అసలు రూపంలో నిలిచి ఉంటే, వింటేజి వాహనాలుగా ప్రత్యేక గుర్తింపు పొందవచ్చును. అనగా అసలు భాగాన్ని నిలబెట్టే మరమ్మతుకు నేడు చట్టంలో కూడా విలువ ఏర్పడినది. ఒక్క రంధ్రం చెడినదని మొత్తం పోతను తుక్కులో వేయటం, పంటి నొప్పికి తల మార్చటం వంటిదే.

మరి ఇంత స్పష్టమైన మార్గం ఉండగా షెడ్డులలో టేపు, బ్లేడు ముక్క ఎందుకు నడుస్తున్నవి? మిస్త్రీకి నిజాయితీ లేకనా? నేను అట్లా అనుకోను. తీగచుట్టకు ప్రత్యేక ట్యాపు కావాలి, ప్రతి కొలతకూ ఒక పెట్టె కావాలి, మర కొలిచే గేజి కావాలి. బండి సాయంకాలానికల్లా కావాలంటాడు యజమాని. పని చేయటానికి పట్టిన కాలానికి డబ్బివ్వడు, బండి కదిలినందుకు డబ్బిస్తాడు. కంపెనీల మాన్యువళ్ళు ఇంగ్లీషులో ఉన్నవి. చిన్ననాడే ఉస్తాద్ వద్ద చేరిన శాగిర్దు ఆ ఇంగ్లీషును ఎప్పుడు నేర్చుకున్నాడు గనుక? అతని చేయి మాత్రం అద్భుతమైనది. ఇంజను శబ్దం విని వాల్వు సందు చెప్పగలవారు మన వీధులలో ఉన్నారు. ఆ చేతికి ఒక గేజి, ఒక పట్టిక, తన భాషలో నాలుగు పుటలు అందించేవారు లేకపోవటమే లోటు.

భాషాధ్యాపకుడిగా ఇక్కడ ఒక మాట చెప్పటం నా విధి. మనం తెలుగులో మర అంటున్నదానిని ఉర్దూ మాట్లాడే మిస్త్రీ చూడీ అంటాడు, అనగా గాజు. స్టడ్డు చుట్టూ గాజులు తొడిగినట్లున్న ఆ రూపానికి అంతకంటే మంచి పేరు ఉండదు. పానా అన్న మాటకు షెడ్డులో మతమూ లేదు, మాధ్యమమూ లేదు. ఇక మిస్త్రీ, మేస్త్రీ అన్న మాటలు పోర్చుగీసు భాషలోని మెస్త్రే నుండి మనకు వచ్చినవి. ఆ మాటకు నిపుణుడని, గురువని రెండర్థాలూ ఉన్నవి. ఉస్తాద్ అన్న మాటా అంతే. మదర్సాలో చదువు చెప్పేవాడూ ఉస్తాదే, షెడ్డులో పని నేర్పేవాడూ ఉస్తాదే. మన పూర్వులు భాషలో వేరుచేయని ఇద్దరు గురువులను మనం వ్యవహారంలో ఎందుకు వేరుచేశాము?

ధర్మం దృష్టితో చూచినా ఈ పనికి గౌరవం తక్కువ కాదు. దావూద్ అలైహిస్సలాం వారికి ఇనుము మెత్తబరచబడినదని, కవచాలు చేయమని, వాటి వలయాలను సరియైన కొలతతో కూర్చమని ఆజ్ఞ అయినదని దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరా తెలుపుతున్నది. ఒక ప్రవక్తకు లోహపు పనిని ప్రసాదించినప్పుడు దానితోపాటు కొలత కూడా చెప్పబడినదని గమనించాలి. చేయి ఒక్కటే చాలునని అక్కడ లేదు. అట్లాగే షెడ్డులో వదిలిన బండి మిస్త్రీ చేతిలో అమానత్. రంధ్రం లోపల ఏమున్నదో యజమానికి కనిపించదు. కనిపించనిచోట చేసిన పనే మనిషి నిజాయితీకి పరీక్ష.

నా సూచనకు ఎదురయ్యే అభ్యంతరాలను నేను ఎరుగుదును. ఇది డిగ్రీ కళాశాల, పారిశ్రామిక శిక్షణ సంస్థ కాదనేది మొదటిది. నిజమే. ఫిట్టరు పనిలో రెండేండ్ల శిక్షణ ఇచ్చే సంస్థలు ఉన్నవి, వాటికి పోటీగా మనం నిలబడనక్కరలేదు. స్క్రూగేజిని కొలిచే విద్యార్థి ఒక్కసారైనా నిజమైన మరను కొలవాలన్నదే నా కోరిక. విద్యుత్తు బండ్లు వస్తున్నవి, పాత ఇంజనుల చదువు ఎందుకనేది రెండవది. విద్యుత్తు మోటారుకు కూడా అల్యూమినియం తొడుగే ఉంటుంది, దానిలోనూ ఉక్కు బోల్టులే దిగుతవి. ఇంజను పోవచ్చును గాని మర పోదు.

మూడవ అభ్యంతరం తల్లిదండ్రులది. అది నిజంగా బరువైనది. మా చేతుల నల్లదనం మా బిడ్డలకు అంటకూడదనే గదా ఫీజు కట్టి కళాశాలకు పంపుతున్నామని వారంటారు. ఆ మాటలోని కష్టాన్ని నేను తేలికగా తీసుకోను. ఎండలో కాలిన సైలెన్సరు ప్రక్కన కూర్చొని ఇరవై ఏండ్లు గడిపినవారి కోరిక అది. అయితే దాని ఫలితం ఏమవుతున్నదో కూడా చూడాలి. ప్రవేశ దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న గడి వద్ద కలం ఆపి, చివరకు వ్యాపారం అని వ్రాసే విద్యార్థులను మనం చూస్తున్నాము. తన తండ్రి మిస్త్రీ అని వ్రాయటానికి సిగ్గుపడిన బిడ్డకు మనమిచ్చే డిగ్రీ ఏ గౌరవాన్ని తెచ్చిపెట్టగలదు? బిడ్డను షెడ్డులోనే ఉంచమని నేననటం లేదు. షెడ్డును చూచి సిగ్గుపడే చదువు చెప్పవద్దని మాత్రమే అంటున్నాను.

కావున కళాశాల కమిటీవారికి ఈ క్రింది విన్నపాలు సవినయంగా సమర్పించుకుంటున్నాను. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఆనుకొని ఒక గదిలో గట్టి బల్ల, వైసు, స్టాండుతో కూడిన బరమా, అంగుళపు మరలకూ మిల్లీమీటరు మరలకూ ట్యాపులు, మర గేజీలు, రెండు మూడు కొలతల తీగచుట్ట పెట్టెలు, ఒక టార్కు పానా సమకూర్చాలి. అభ్యాసానికి కొత్త ఇంజను అక్కరలేదు, తుక్కు దుకాణాలలో మర పోయిన క్రాంకు కేసులు కావలసినన్ని దొరుకుతవి. నెలకు రెండు శనివారాలు పట్టణంలోని అనుభవజ్ఞులైన మిస్త్రీలను అతిథి అధ్యాపకులుగా ఆహ్వానించి, గౌరవ వేతనమిచ్చి, వార్షికోత్సవంలో ఇతర అతిథులతో సమానంగా వేదిక మీద కూర్చుండబెట్టాలి. విద్యార్థులు వారి వద్ద చేయి నేర్చుకోవాలి, వారు విద్యార్థుల వద్ద పట్టిక చదవటం నేర్చుకోవాలి. తెలుగు, ఉర్దూ శాఖలు రెండూ కలిసి షెడ్డు మాటలను సేకరించి, మరల కొలతల పట్టికను రెండు లిపులలో అచ్చువేసి, గోడకు తగిలించుకొనేటట్లు ప్రతి షెడ్డుకూ పంచాలి. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని ద్వారా నేర్చిన నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు చేశారు. అట్టి పథకాల దరఖాస్తులు నింపటంలో మన విద్యార్థులు మిస్త్రీలకు తోడ్పడవచ్చును.

వీటిలో దేనికీ పెద్ద భవనం అక్కరలేదు. మొదటి సంవత్సరం బల్ల, పట్టిక, ఇద్దరు ఉస్తాదులు ఉంటే చాలును.

ప్రియ విద్యార్థులారా! కమిటీవారి నిర్ణయం వచ్చేవరకు మీరు ఎదురుచూడనక్కరలేదు. ఈ వారంలో ఒక సాయంకాలం మీ వీధిలోని షెడ్డుకు వెళ్ళండి. మీ తండ్రిగారిదో, మామగారిదో, పొరుగువారిదో అయి ఉంటుంది. స్టడ్డు ఒకటి అడిగి తీసుకొని, స్కేలు ప్రక్కన పెట్టి, 20 చుట్లకు ఎన్ని మిల్లీమీటర్లో కొలవండి. 25 వస్తే చుట్టుకు 1.25. సుమారు 23 వస్తే అది అంగుళానికి 22 చుట్ల పాత మర. ఆ లెక్కను ఒక కాగితం మీద వ్రాసి అక్కడి ఉస్తాద్ చేతికివ్వండి. పాత రంధ్రంలో కొత్త బోల్టు ఎందుకు బిగుసుకుంటున్నదో ఆయనకు వివరించండి. తరువాత, బిగించేటప్పుడు ఇక చాలునని చేతికి ఎట్లా తెలుస్తుందో ఆయనను అడిగి తెలుసుకోండి. అది ఏ పుస్తకంలోనూ లేదు.